మల్సున్ నేర్చిన పన్నెండు స్పానిష్ ముక్కలు

కంపానా వీధిలో మల్సున్‌ని ఎరగనివాళ్లు లేరు, మల్సున్ నమ్మినవాళ్లూ లేరు. డెబ్బై రెండేళ్ల మనిషి. కూరగాయల కొట్టుకి వెళ్తే ఒక కన్ను త్రాసు మీద, ఇంకో కన్ను కొట్టువాడి వేళ్ల మీద. పోస్టుమాన్ ఉత్తరం చేతికిస్తే, అంటించిన చోట గోటితో గీరి, ఎవరూ ఆవిరి పట్టి తెరవలేదని తేల్చుకున్నాకే లోపలికి తీసుకుపోతుంది. చర్చిలో ఆవిడది పెద్దరికం గల స్థానం. అయినా ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే ఈవిడ మాత్రం ఒక కన్ను తెరిచి చేతిసంచి ఉందో లేదో చూసుకునేది. దేవుడికి తెలియదా ఆ సంగతి? తెలుసు. ఆయనకి కూడా అలవాటైపోయి ఉంటుంది.

పుట్టుకతోనే ఇలాంటి మనిషా అంటే, కాదు. మొగుడు తొక్సుతో కలిసి కొరియా నుంచి బువెనోస్ ఐరెస్‌కి వచ్చి ముప్పై ఆరేళ్లు. వచ్చిన మూడో ఏడు ఇల్లు మారారు. తొక్సు వట్టి అమాయకుడు. సామాను మోయడానికి వచ్చినవాళ్లకి కాఫీ పెట్టాడు, రొట్టెలు తెప్పించాడు, వచ్చిన రెండు స్పానిష్ మాటలతో పదే పదే ‘దయచేసి’, ‘థాంక్స్’ అన్నాడు. మూడు కుట్టుమిషన్లతో ఆ లారీ వీధి మలుపు తిరిగింది. అంతే. తొక్సు కొత్త ఇంటి గుమ్మంలో పొద్దుగూకేదాకా కూచున్నాడు. ‘దారి తప్పి ఉంటారు, వస్తార్లే’ అన్నాడు. మర్నాడు కూడా అదే మాట అన్నాడు. మూడోరోజు ఏమీ అనలేదు. ఆ మూడు రోజుల్లోనే మల్సున్ ఇలా తయారైంది.

తర్వాత అప్పు చేసి మళ్లీ మిషన్లు కొన్నారు. మల్సున్ ఆ మిషను ముందు కూచుని ముప్పై ఏళ్లపాటు ఊరి ఆడపిల్లలకి గౌనులు కుట్టింది. కత్తిరించిన బట్ట తెచ్చేవాడు కొరియావాడు, కుట్టింది పట్టుకెళ్లేవాడూ కొరియావాడే. చర్చి కొరియా వాళ్లది, కిరాణా కొట్టు కొరియా వాళ్లది, పళ్లు పీకే డాక్టరు కూడా వాళ్లే. స్పానిష్ నేర్చుకోవాల్సిన అవసరం ఏనాడూ పడలేదు. పిల్లలు పుట్టి ఉంటే వాళ్లతోపాటు నేర్చుకునేదేమో, పుట్టలేదు. తొక్సు పోయి నాలుగేళ్లయింది.

ఇప్పుడు మల్సున్ అద్దెకుంటున్న మూడో అంతస్తు ఇల్లు ఇంటావిడ అమ్మేసింది. కరబోబో వీధి పక్కన, కొరియావాళ్లంతా ఉండే చోట, నేల మీదే రెండు గదులు దొరికాయి. ఇల్లు మారడం తప్పదు. మళ్లీ లారీ తప్పదు, మళ్లీ ఎవరో పరాయి మగవాళ్లు తప్పరు.

మంచాలు, బీరువాలు పోతే పోయాయి. మల్సున్ ప్రాణమంతా బాల్కనీలో ఉన్న జాడీలో ఉంది. నడుమెత్తు నల్లటి మట్టి జాడీ అది, నిండా పాత సోయా సాసు. అత్తగారి అత్తగారు మొదలుపెట్టిన సాసు. దేశం వదిలే రోజున అత్తగారు ఒక సీసాడు ఇస్తే, లంగాలో చుట్టి ఓడా విమానం దాటించి తెచ్చింది. ఏటా కొత్తది కాచి, పెరుగుకి తోడు వేసినట్టు పాతదాన్ని కలుపుకుంటూ వచ్చింది. తొక్సు ఆఖరి నెలలో గొంతు దిగిందల్లా జావ, అందులో ఈ సాసు నాలుగు చుక్కలు, అంతే. ‘ఒక్క గరిటెడు తోడుకివ్వవే’ అని చర్చి ఆడవాళ్లు ఎన్నిసార్లడిగారో! ఇవ్వలేదు. ‘ఇస్తే ఏం కలుపుతారో, ఎవరికిస్తారో’ అంది. అందుకని ప్రపంచం మొత్తం మీద ఆ సాసు ఆ ఒక్క జాడీలోనే ఉంది. అది పగిలిందా, మూడు తరాల చేతిరుచి కంపానా వీధి మురుగుకాలవలో కలిసిపోయినట్టే.

స్పానిష్ ముక్కల కోసం పెక్ దగ్గరికెళ్లింది. పెక్ అంటే జుట్టు కత్తిరించే దుకాణం నడిపే ఆవిడ, మల్సున్ కన్నా పదిహేనేళ్లు చిన్న, స్పానిష్‌లో పోట్లాడటం కూడా వచ్చు. చర్చివాళ్లు పంచిన పాటల కాగితం వెనకవైపు, కొరియా అక్షరాల్లో రాయడం మొదలుపెట్టింది.

“విను అక్కా. మొదటిది, ‘మెల్లగా’. దెస్పాసియో. రెండోది, ‘జాగ్రత్త’. మూడోది, ‘ఇది బరువు’...”

“అవి సరే. ‘నేను చూస్తున్నాను’ అనడానికి ఏమంటారు?”

“చూస్తున్నావని వాళ్లకి కనపడదా ఏంటి?”

“కనపడటం వేరు, చెప్పడం వేరు. రాయి.”

పెక్ రాసింది. ‘ఎక్కడికి తీసుకెళ్తున్నావ్’ రాసింది. ‘తెరవొద్దు’, ‘చాలా పాతది’, ‘మా ఇంటిది’, ‘ఒకటి తగ్గింది’, ‘ఆగు’, ‘దొంగతనం చేస్తే పోలీసు’ అన్నీ రాసింది. పన్నెండోదిగా ‘నాకు అన్నీ అర్థమవుతాయి’ రాయమంది మల్సున్. ఇంతకన్నా పచ్చి అబద్ధం ఇంకోటి లేదు.

“అక్కా, కింద ‘దయచేసి’, ‘థాంక్స్’ కూడా పెడతా. పాపం, ఎండలో మోస్తారు కదా.”

“వద్దు. మా ఆయనకి ఆ రెండే వచ్చు. మిషన్లు పోయాయి.”

పెక్ కలం మూసేసింది.

వారం రోజులు మల్సున్ అద్దం ముందు నిలబడి చదివింది. అన్నిటికన్నా ‘ఆగు’ అనే మాట బాగా కుదిరింది. పారే! పొట్టి మాట, గట్టిగా వస్తుంది, నోట్లో తిరగక్కర్లేదు. ఒకసారి బాల్కనీలో నిలబడి ప్రయత్నిస్తే కింద సైకిలు మీద పోతున్నాయన కాళ్లు నేల మీద పెట్టేశాడు. మల్సున్‌కి ఎంతో తృప్తి కలిగింది.

ఇక ముహూర్తం సంగతి. చర్చి పెద్దమనిషై ఉండి కూడా మల్సున్ ఇల్లు మారేందుకు దయ్యం లేని రోజే చూసుకుంది, పెక్‌కి తప్ప ఎవరికీ చెప్పకుండా. చాంద్రమానంలో తొమ్మిదో రోజూ పదో రోజూ దయ్యం ఆకాశంలోకి పోతుంది, మనుషుల జోలికి రాదు. లారీవాళ్లకి పదో రోజే కుదిరింది. అయితే ఒక చిక్కు. ఇక్కడ మధ్యాహ్నం పన్నెండయితే కొరియాలో మర్నాడు మొదలవుతుంది. దయ్యం ఏ గడియారం చూసుకుంటుంది? మల్సున్ రెండు రాత్రులు ఆలోచించి తేల్చింది. దయ్యం కొరియాది, కొరియా గడియారమే చూస్తుంది. కాబట్టి పన్నెండు కొట్టేలోపు కొత్త ఇంటి గుమ్మం దాటాలి. ముందుగా అన్నం వండే కుక్కరు దాటాలి, ఆ తర్వాతే మిగతావన్నీ. అది వాళ్ల పద్ధతి.

ఎనిమిదింటికి ముగ్గురు వచ్చారు. పెద్దాయన ఎవరిస్తో. అరవై దగ్గరపడ్డ మనిషి, తలుపంత వీపు. రెండోవాడు రుఫీనో, ఎవరిస్తో పెళ్లాం తమ్ముడు. మూడోవాడు లారీ నడిపే సెఫెరీనో, మాటా పలుకూ లేనివాడు. మల్సున్ గుమ్మంలోనే అడ్డంగా నిలబడి, కాగితం చూడకుండా, “నేను చూస్తున్నాను” అంది.

“చూడమ్మా చూడు, చూడటానికి టిక్కెట్టేం లేదు,” అన్నాడు ఎవరిస్తో. ఆమెకి ఒక్క ముక్క అర్థం కాలేదు. ‘నవ్వుతున్నాడు, ఎందుకు నవ్వుతున్నాడు?’ అనుకుంది.

ఎవరిస్తో మెట్లు చూశాడు. పాత కాలపు మేడ. మెట్లు పాములా మెలికలు తిరిగి ఉన్నాయి, మనిషి పక్కకి తిరిగి దిగాలి. పెట్టెలు మెట్ల మీంచి, పెద్దవన్నీ బాల్కనీలోంచి తాడుతో దించాలన్నాడు. ఆ ఊళ్లో అది మామూలే. పైన ఒకడు తాడు పట్టుకుని వెనక్కి వాలి నిలబడతాడు, కింద ఒకడు ఇంకో సన్నతాడుతో సామాను గోడకి తగలకుండా ఇవతలికి లాగుతుంటాడు. పైవాడికి వీధి కనపడదు. కిందవాడి గొంతే వాడికి కళ్లు.

మల్సున్‌కి ఈ పద్ధతి బొత్తిగా నచ్చలేదు. మెట్ల మీదయితే మెట్ల దగ్గర కాపలా కాయొచ్చు. తాడుకి రెండు చివర్లున్నాయి, ఒకటి ఇంట్లో, ఒకటి వీధిలో. ఆమెకేమో ఉన్నది ఒక్క జత కళ్లు. బీరువా దిగుతుంటే పరిగెత్తుకుంటూ కిందకి దిగింది, కింద ఉంటే పైన ఏం సర్దేస్తున్నారోనని మళ్లీ ఎక్కింది. గంటలో ఆరుసార్లు ఎక్కి దిగింది. మోకాళ్లు కరకరలాడాయి. మధ్యలో వాళ్లు ఆగి మాతె కషాయం తాగారు, ఒకే గొట్టం ముగ్గురి నోళ్లలోకీ తిరిగింది. రుఫీనో ఆమెకీ ఇవ్వబోయాడు. మల్సున్ చెయ్యి వెనక్కి లాక్కుంది. ‘పన్నెండు దాటించాలని కావాలనే తాత్సారం చేస్తున్నారు. ఇందులో ఏం కలిపారో!’

“తీసుకోదు బావా,” అన్నాడు రుఫీనో.

“మనమీద నమ్మకం లేదురా దానికి. పోనీలే, ముసలిది. ఒంటరిది.”

పదిన్నరకి జాడీ వంతు వచ్చింది. బాల్కనీ గోడకి, సరిగ్గా జాడీ మీదుగా, తొక్సు ఫోటో ఉండేది. మల్సున్ ముందు అది తీసి తుడిచింది. జాడీ మూతికి తెల్లగుడ్డ కప్పి తాడుతో బిగించింది. ఫోటో పక్కనే పెట్టి, జాడీ మీద రెండు చేతులూ వేసి కాసేపు అలాగే నిలబడింది. ఆమె మనసులో ఉన్నదల్లా ఒకటే మాట. ‘అత్తయ్యా, వీళ్ల చేతుల్లో పెడుతున్నాను, నా తప్పు లేదు.’

ఎవరిస్తో టోపీ వెనక్కి నెట్టి అడిగాడు. “ఇందులో ఏముందమ్మా?”

తెరవమంటావా అని అడుగుతున్నాడనుకుంది. కాగితంలోంచి మూడు మాటలు ఏరి, ఒక్కోటీ వేలు మడుస్తూ చెప్పింది.

“చాలా పాతది. మా ఇంటిది. తెరవొద్దు.”

మగవాళ్లిద్దరూ ఫోటోలో ఉన్న ముసలాయన్ని చూశారు. తెల్లగుడ్డని చూశారు. ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. రుఫీనో టోపీ తీసేసి శిలువ గుర్తు వేసుకున్నాడు.

“బావా, ఆయన ఇందులోనే ఉన్నాడే!”

“నోర్ముయ్. బూడిదైతే గుప్పెడే కదా, ఇంత జాడీ ఎందుకు?”

“బూడిద అని ఎవరన్నారు? వీళ్ల ఆచారం మనకేం తెలుసు! వాసన చూడు, ఉప్పులో వేసినట్టు లేదూ?”

ఎవరిస్తో వాసన చూశాడు. మొహం పాలిపోయింది. తర్వాత, జాడీ వైపు కొంచెం వంగి, “అయ్యా, తమరు కంగారు పడకండి, మెల్లగా దించుతాను” అన్నాడు. చేతి తొడుగులు విప్పి పక్కన పెట్టేశాడు. బరువు చర్మానికి తెలియాలని, సున్నితమైన సామానుకి అతను వట్టి చేతులే వాడేవాడు.

మల్సున్‌కి కనపడిందల్లా ఇది: ఒకడు గాల్లో వేలితో ఏదో గీశాడు, ఇంకోడు జాడీతో గుసగుసలాడాడు. ‘మంత్రం! నా జాడీకి మంత్రం వేస్తున్నారు!’ ఆమె ఒళ్లు మండిపోయింది. తాడు కట్టడం అయ్యాక ఎవరిస్తో ఆమె వైపు తిరిగి, పెదవుల మీద వేలు పెట్టాడు.

“చూడమ్మా, తాడు కదిలేటప్పుడు ఒక్క నోరే మాట్లాడాలి. రుఫీనో నోరు. వాడు ఆగమంటే ఆగుతా, వదలమంటే వదుల్తా. తక్కినవాళ్లంతా చర్చిలో ఉన్నట్టుండాలి.”

నన్ను నోరు మూసుకోమంటున్నాడు, అంతవరకూ ఆమెకి తెలిసింది. ఎందుకు మూసుకోవాలి? ఏం చేయబోతున్నారని మూసుకోవాలి? కుక్కరు చంకలో పెట్టుకుని వీధిలోకి దిగింది. దాన్ని గట్టు మీద కుర్చీలో పెట్టి, తల పైకెత్తి నిలబడింది.

జాడీ బాల్కనీ కటకటాలు దాటి గాల్లోకి వచ్చింది. ఎండలో తెల్లగుడ్డ మెరిసింది. రుఫీనో సన్నతాడు లాగుతూ, “వదులు... వదులు... ఇంకొంచెం...” అని లాలిపాటలా అంటున్నాడు. మూడో అంతస్తు దాటింది. రెండో అంతస్తు కటకటాల దగ్గరికొస్తోంది.

అప్పుడు ఎందుకో పక్కకి చూసింది. కుర్చీ ఖాళీ. సెఫెరీనో, ఆ మాటా పలుకూ లేనివాడు, కుక్కరు చంకలో పెట్టుకుని వీధి మలుపు వైపు నడిచిపోతున్నాడు.

ముప్పై మూడేళ్ల కోపం ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

“పారే!”

సెఫెరీనో ఆగలేదు, తనని అనుకోలేదు వాడు. పైన ఎవరిస్తో మాత్రం ఆగాడు. అతనికి వీధి కనపడదు కదా. తాడు జారుతున్నది జారుతున్నట్టే బిగబట్టేశాడు. జాడీ గాల్లో ఒక్క కుదుపుకి ఊగి, రెండో అంతస్తు ఇనుప కటకటాల మీదికి దూసుకుపోయింది. రుఫీనో “ఒరే నాయనో!” అని సన్నతాడు మీద మొత్తం బరువేసి వెనక్కి పడ్డాడు. జాడీ బెత్తెడు దూరంలో తప్పించుకుంది. ఆ లాగుడికి పెద్దతాడు ఎవరిస్తో చేతుల్లోంచి జారడం మొదలుపెట్టింది. వదిలేస్తే సరిపోయేది. ఎవడైనా వదిలేసేవాడు. తాడు రెండు బారల దూరం అతని అరచేతుల్ని కోసుకుంటూ జారింది, అతను వదల్లేదు. జాడీ మనిషెత్తులో ఆగింది. గుండ్రంగా రెండుసార్లు తిరిగింది. ఆ తర్వాత మెల్లగా, ఎప్పటిలాగే, గట్టు మీదికి దిగింది.

మల్సున్ జాడీ చుట్టూ చేతులతో తడిమింది. బీట లేదు, పెచ్చు ఊడలేదు. ముడి కూడా చెదరలేదు. ‘హమ్మయ్య’ అనుకుని తల పైకెత్తితే తాడు కనపడింది. తాడు మీద రెండు బారల మేర ఎర్రగా ఉంది.

ఎవరిస్తో రెండు చేతులూ గుండెల దగ్గర పైకెత్తి పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. అరచేతుల మీద తోలు లేదు. అటు చూడలేక మల్సున్ మలుపు దగ్గర ఆపిన లారీ వైపు చూసింది. డ్రైవరు పక్క సీటు మీద కుక్కరు ఉంది. గతుకుల్లో పడిపోకుండా సెఫెరీనో దానికి సీటు బెల్టు కూడా పెట్టాడు.

అయ్యో, నా నోరు పడిపోనూ, అనుకుంది మల్సున్. కాగితం మీది పన్నెండు మాటల్లో ఈ పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అప్పుడు అత్తగారి ఊళ్లో చేసేది గుర్తొచ్చింది. ఒళ్లు కాలితే, కమిలితే, తేనెటీగ కుడితే, ముందు సోయా సాసు పొయ్యమనేవారు. పాతదయితే మరీ మంచిదనేవారు. మల్సున్ ముడి విప్పింది. ముప్పై ఆరేళ్లుగా గరిటెడు ఎవరికీ విదల్చని మనిషి, రెండు దోసిళ్లు నిండా ముంచి, ఎవరిస్తో అరచేతుల మీద పోసేసింది.

ఆ కేకకి వీధి వీధంతా కిటికీలు తెరుచుకున్నాయి.

“చంపేసింది రా! ఉప్పు! ఉప్పురా రుఫీనో! మొగుణ్ణి నా చేతుల మీద పోసింది రా!”

“తప్పయిపోయింది తల్లీ, మమ్మల్నొదిలెయ్!” అని రుఫీనో దణ్ణాలు పెట్టాడు. మల్సున్ ఇంకో దోసిలి ముంచబోయింది. ఎవరిస్తో లారీ చుట్టూ పరిగెత్తాడు. ఆవిడ మంచి కోరి వెంటపడింది. ఎదురింటి మంగలాయన వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, టాక్సీ పిలిచి, ఆసుపత్రి ఆసుపత్రి అని సైగలు చేశాడు.

అక్కడ వచ్చింది అసలు చిక్కు. జాడీకి మళ్లీ గుడ్డ కట్టి లారీ ఎక్కించారు, అదే ఆఖరి సామాను. లారీ రోడ్డుకి అడ్డంగా ఉంది, వెనక బస్సు హారను మోగించేస్తోంది, లారీ కదలాలి. కొత్త ఇంట్లో సామాను దించడానికి రుఫీనో, సెఫెరీనో ఇద్దరూ వెళ్లాలి. ఎవరిస్తో టాక్సీ తలుపు కూడా తనంతట తాను తెరుచుకోలేడు. లారీతో వెళ్లాలా? టాక్సీలో వెళ్లాలా? మల్సున్ జాడీ వైపు చూసింది. తొక్సు గుమ్మంలో కూచున్న మూడు రోజులూ కళ్లముందు తిరిగాయి. వాళ్లకి తన మీద మంటగా ఉంది, ఉండకేం చేస్తుంది? జాడీ వాళ్ల లారీలో. ఇప్పుడు ఈ మలుపు తిరిగితే ఎవరు పట్టుకుంటారు?

చేతిసంచిలోంచి కొత్త ఇంటి తాళంచెవి తీసి రుఫీనో చేతిలో పెట్టింది. రుఫీనో దాన్ని వేళ్ల కొసలతో పట్టుకున్నాడు, అదేదో కరుస్తుందన్నట్టు. లారీ కదిలింది. వీధి చివర మలుపు తిరిగింది. మల్సున్ దాని వెంట పరిగెత్తలేదు, ఎవరిస్తో కోసం టాక్సీ తలుపు తెరిచి పట్టుకుంది.

టాక్సీలో ఎవరిస్తో అవతలి తలుపుకి అతుక్కుని కూచున్నాడు. దారి పొడుగునా ఆమె చేతుల వైపే చూస్తున్నాడు, సంచిలో చెయ్యి పెడితే ఉలిక్కిపడుతున్నాడు. ఆ చూపు మల్సున్‌కి బాగా తెలుసు. కూరగాయలవాణ్ణీ, పోస్టుమాన్‌నీ, చర్చిలో పక్కన కూచున్నవాళ్లనీ తను చూసే చూపే అది. ఒకళ్లు మనల్ని అలా చూస్తే ఎలా ఉంటుందో ఆమెకి ఇన్నాళ్లూ తెలియదు. సిగ్గుతో చచ్చిపోయింది. సంచి తీసి కాళ్ల దగ్గర పెట్టేసి, రెండు చేతులూ అతనికి కనపడేలా ఒళ్లో పెట్టుకుంది.

సర్కారు ఆసుపత్రిలో గాయాలు చూసే గదిలో ఒక కుర్ర డాక్టరు ఉంది. తక్ అనే కొరియా ఇంటిపేరు ఆమెది, పుట్టింది మాత్రం ఇక్కడే. ఎవరిస్తో అరచేతులు చూసి, ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మల్సున్ వైపు తిరిగింది.

“మామ్మగారూ, ఇది సోయా సాసు కదూ? పచ్చి పుండు మీద పోశారా?”

“మా అత్తగారు పోసేదమ్మా.”

“మీ అత్తగారిని ఏమీ అనలేను గానీ, ఇంకెవరికీ పోయకండి.”

ఎవరిస్తో డాక్టరుని భయంభయంగా ఏదో అడిగాడు. డాక్టరుకి అర్థం కాలేదు, మళ్లీ అడిగింది. అతను చాలాసేపు చెప్పాడు. డాక్టరు కళ్లు పెద్దవయ్యాయి, నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది, తర్వాత ఆ నవ్వు ఎటో పోయింది.

“మామ్మగారూ, ఈయన అడుగుతున్నారు... తాతగారికి ఏమీ కాలేదు కదా అని.”

“ఏ తాతగారు?”

“ఆ జాడీలో మీ ఆయన ఉన్నారనుకుంటున్నారు. ఆయన శరీరం. ‘నేను తాడు వదల్లేదని చెప్పండి, చచ్చిపోయిన మనిషిని నడివీధిలో పడేయలేక పట్టుకున్నా’ అంటున్నారు. ఏం చెప్పమంటారు?”

మల్సున్ బుర్ర ఎప్పటిలాగే చకచకా పనిచేసింది. జాడీ ఇప్పుడు వాళ్ల చేతుల్లో ఉంది. శవం ఉందనుకున్నంతసేపూ దాన్ని ప్రాణంలా చూసుకుంటారు, పసిపిల్లలా దించుతారు. వంటింట్లో పోసుకునే సాసు కోసం పెద్దాయన చేతులు పోయాయని తెలిస్తే? రుఫీనో దాన్ని తన్నడని ఏముంది? వీధిలో వదిలేసి పోరని ఏముంది? అవునని తలూపితే చాలు. అబద్ధం కూడా చెప్పక్కర్లేదు, ఊరికే తలూపితే చాలు.

ఎవరిస్తో ఆమె మొహంలోకి చూస్తున్నాడు. నల్లటి రసం అతని మణికట్టు మీద ఎండి గీతలు కట్టింది. ఆ చేతులతో రేపు అన్నం ఎలా తింటాడు, శవం అంటిందనుకుంటూ?

“నిజం చెప్పెయ్యమ్మా,” అంది మల్సున్. “సాసు. మా అత్తగారి సాసు. మా ఆయన అందులో లేడు. ఆయన ఆఖరికి తిన్నది మాత్రం అదే. నేను అరవకపోతే ఈయన చేతులకి ఏమీ అయ్యేది కాదు. నేను వాళ్లని దొంగలనుకున్నాను. అది కూడా చెప్పు. అన్నీ చెప్పు.”

డాక్టరు చెప్పింది. ఎవరిస్తో కదలకుండా విన్నాడు. నమ్మినట్టు లేదు. మణికట్టు మెల్లగా పైకెత్తి, ఆ ఎండిన గీతని నాలుక కొసతో తాకి చూశాడు. చప్పరించాడు. ఇంకోసారి తాకాడు. మల్సున్‌కి ఏడుపొచ్చేసింది. అతని చోట తనున్నా ముందు రుచే చూసేది.

ఎవరిస్తో జేబులో ఫోను తియ్యమని డాక్టరుకి గడ్డంతో చూపించాడు. ఆమె రుఫీనోకి కలిపి అతని చెవి దగ్గర పెట్టింది. గోడ మీద గడియారం పన్నెండు ఎప్పుడో దాటేసింది. మల్సున్ అటు చూడనే లేదు. ఎవరిస్తో గొంతు గట్టిగా ఉంది, కోపంగా ఉందో లేదో తెలియలేదు. ఆమె డాక్టరు కోటు కొస పట్టుకుంది.

“ఏమంటున్నాడమ్మా? పారబోయమంటున్నాడా?”

డాక్టరు ఫోను పట్టుకున్న చెయ్యి కదపకుండా, ఒక్కో మాటా వింటూ చెప్పింది.

“‘ఒరేయ్, అందులో మనిషి లేడట. సాసట, వంటలో పోసుకునేది’ అంటున్నారు. అవతలాయన తిడుతున్నాడు... ‘తిట్టకు, విను’ అంటున్నారు. ‘అయినా సరే, మెల్లగానే దించు. నా చేతులు రెండూ అందులో ఉన్నాయి.’”